మిల్లు అమ్మిననాడు పెట్టిన బట్టలు

మిర్యాలగూడలో నేను కాంటా దగ్గర కూర్చున్నంత కాలం నా మాట లేనిదే ఒక్క వడ్ల లారీ కదిలేది కాదు. మిల్లు యజమాని కూడా నన్ను అడిగే ఏ పనైనా మొదలుపెట్టేవాడు. సూర్యాపేటలో ఇప్పుడు నేనుంటున్న వీధిలో, సాయంత్రం పూట అరుగు మీద చేరేవాళ్లకు ఇట్లాగే చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు. ఎవరూ మిల్లులో పని చేసినవాళ్లు కాదు కదా.

అసలు సంగతి, కాంటా గది తాళంచెవి కూడా నా దగ్గర ఉండేది కాదు. పొద్దున ఆఫీసులో తీసుకుని సాయంత్రం ఆఫీసులో ఇచ్చి వెళ్లేవాణ్ణి. లారీ కాంటా ఎక్కుతుంది, అంకె పడుతుంది, నేను చీటీ రాస్తాను, లారీ దిగుతుంది. జవానీ మొత్తం అట్లా ఎక్కీ దిగీ పోయింది. దాని గురించి ఎవరైనా అడిగితే ఏమనాలో నాకు తెలియదు, అందుకే పెంచి చెబుతాను.

అది ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ ఆవిరి ఇచ్చే బాయిలర్ దగ్గర ఉండేవాడు మా బావ. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు గొర్లు కాసుకునే ఇంటివాళ్లు, మేము వేరే. ఇద్దరం ఒకే సీజన్‌లో మిల్లులో చేరాం. మొదటిరోజు అన్నం గిన్నెలు విప్పేటప్పుడు "ఏం దెచ్చినవ్ బావా?" అని అడిగాడు. ఆ పిలుపు అట్లాగే ఉండిపోయింది. ఊక ఎగదోసి ఎగదోసి అతని కుడిచేతి మీద వెంట్రుకలు ఎప్పుడో పోయాయి. కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కొత్తవాళ్లు చూసి తాగుతాడనుకునేవారు.

అతనిది కోదాడ దగ్గర అనంతగిరి పక్క పల్లె. అతను మిల్లుకు వచ్చిన ఏడాదే వాళ్ల నాయన మందను అమ్మేశాడు. మేపడానికి బీడు లేదు, అంతా వరి అయిపోయింది. ఆ సంగతి ఎప్పుడూ బాధపడుతూ చెప్పలేదు. మధ్యాహ్నం బువ్వ దగ్గర మాత్రం ఒక లెక్క చెప్పేవాడు.

"మిల్లు దిగిననాడు సర్వీసు పైసలు వస్తయ్ బావా. ఒక మంద కొంట. పెద్దది గాదు. నేను నడువగలిగినంత."

"ముసలోనివైనంక గొర్ల ఎనుక ఏం ఉరుకుతవ్? గొర్లే నిన్ను కాసుకోవాలె."

"కాసుకోనీ. ఈ పొయ్యి కాసుకునుడు కన్న నయమే గద."

సర్వీసు పైసలు అంటే గ్రాట్యుటీ. ఒక చోట అయిదేండ్లు తెగకుండా చేస్తేనే దానికి హక్కు. ఆ తర్వాత ఎన్నేండ్లు చేస్తే అన్ని ఏండ్లకు లెక్క. మాకు ఆ ఏండ్లు కావలసినన్ని ఉన్నాయి. దిగే వయసు కూడా దగ్గరకు వచ్చింది. అప్పుడే మిల్లు అమ్ముతున్నారని తెలిసింది.

మా యజమానిని అందరం పటేల్ అనేవాళ్లం. భూములున్న ఇల్లు, ఊళ్లో పెద్దరికం, మిల్లు. వయసు మీద పడింది. మిల్లు మీద బ్యాంకు అప్పు పడింది. కొనేది కోదాడ సేటు అన్నారు. మఠంపల్లి నుంచి సిమెంటు తోలే లారీలున్నాయట. ఆయనను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మేనేజరు వచ్చాడు. బోర్డర్ అవతలి మనిషి, నడివయసు, నెమ్మదిగా మాట్లాడతాడు. గోడౌన్లు చూశాడు, డ్రయ్యర్ చూశాడు, బాయిలర్ ముందు నిలబడి ముక్కు మూసుకున్నాడు. తర్వాత అందరినీ పిలిచి తలా ఒక కాగితం ఇచ్చాడు.

"ఫార్మాలిటీ అండీ. చిన్న సంతకం. రేపట్నుంచి అందరూ మా వాళ్లే."

కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు చీటీ రాసేంత వచ్చు. రిజైన్ అనే మాట గుర్తుపట్టాను. బావ చెవిలో చెప్పాను.

"రాజీనామా అంటుండ్రు బావా. పాతది ఒదులుకొని కొత్తగ చేరాలె."

"కొత్తగ చేరితే నాకు అయిదేండ్లు ఏడ నిండుతయ్?" అన్నాడు బావ. అంతే అన్నాడు. దిగే వయసుకు అంత దూరం మిగల్లేదు. పాత ఏండ్లు కలిస్తే మంద ఉంది, కలవకపోతే లేదు.

ఆ కాగితాన్ని మేనేజరు ముందే నాలుగు ముక్కలు చేసి గాలికి వదిలానని సూర్యాపేటలో చెబుతాను. వదల్లేదు. "జర చదువుకొని ఇస్తం సార్" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. అది ఇంట్లో కొన్నాళ్లు మామిడికాయ జాడీ కింద ఉండింది.

మేమిద్దరం సూర్యాపేట బస్సెక్కాం. అక్కడ కోర్టు దగ్గర, జిరాక్స్ షాపు పైన, ఒక వకీలమ్మ ఉండేది. హైవే మీద బావ చుట్టాల గొర్లను లారీ తొక్కితే ఆమే కేసు వేసి డబ్బు ఇప్పించింది. అందుకని బావకు ఆమె మీద గురి. మెట్లెక్కి చెప్పులు బయట విడిచి, ఇద్దరం ఒకే కుర్చీ అంచున కూర్చున్నంత పనిచేశాం.

ఆమె మొత్తం విని చాలా తేలిగ్గా చెప్పింది.

"మిల్లు చేతులు మారితే మీ ఏండ్లు యాడికీ పోవు. మిల్లుతోటే కొత్తాయన దగ్గరికి పోతయ్. కొత్తాయన వాటిని తన మీద వేసుకోవాలె. వేసుకోనంటే, పాతాయన లెక్క కట్టి ఇచ్చి పంపాలె. ఇద్దరిల ఒకరికి తప్పదు. మీరు చేయాల్సింది ఒకటే. ఏ కాగితం మీద సంతకం పెట్టకుండ్రి. ఒక్కరోజు పని ఆపకుండ్రి."

"ఏలిముద్ర కూడ ఒద్దా అమ్మా?" అన్నాడు బావ.

"నీకు సంతకం వస్తది కదా?"

"వస్తది. అయినా అడుగుతున్న."

తిరిగి వచ్చి అందరికీ చెప్పాం. ఎవరూ సంతకం పెట్టలేదు. మేనేజరు రెండుసార్లు అడిగాడు, తర్వాత అడగలేదు. కాగితాలన్నీ ఏరుకుని బ్యాగులో పెట్టుకున్నాడు. కోపం కూడా చూపలేదు. ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని నాకనిపించాలి. అనిపించలేదు. కాంటా మీద లారీ ఉంది, చీటీ రాశాను.

అమావాస్య రోజు మిల్లు ఎప్పుడూ బందే. ఆ అమావాస్యకు పటేల్ కబురు పెట్టాడు. మిల్లు అప్పజెప్పే ముందు అందరికీ అన్నం పెట్టి బట్టలు పెడతాడట. బాయిలర్ కడిగి పసుపు రాశారు. షెడ్డు కింద భోజనాల బంతులు వేశారు. యాటలు కోశారు. వెయ్యి మంది తిన్నారని చెబుతాను గానీ, మిల్లు మొత్తం కలిపినా వందమందిమి లేము. హమాలీలు, డ్రయ్యర్ వాళ్లు, నూకలు చెరిగే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు.

తిన్న తర్వాత పటేల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతికర్ర మోకాలికి ఆనించాడు. పక్కన ఆయన భార్య ఆడవాళ్లకు బొట్టు పెట్టి చీర ఇస్తోంది. మగవాళ్లకు ఆయన చేతుల మీదుగా అంగి బట్ట, ప్యాంటు బట్ట, ఒక తువాల. అందరికీ ఒకే తానులోంచి కోయించిన లేత నీలం బట్ట. ఒక్కొక్కరూ పోయి దండం పెట్టి తీసుకుంటున్నారు.

పటేల్ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఇది నేను చెప్పే మాటల్లో నాకు బాగా ఇష్టమైనది. ఆయన కౌగిలించుకున్నది బావను. నన్ను చూసి, "నువ్వు కాంటా గదా?" అన్నాడు. అవునన్నాను. భుజం తట్టి బట్టలిచ్చాడు.

అందరికీ ఇచ్చాక కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లల్ల తెలిసీ తెల్వక ఒక మాట అన్న, తిట్టిన. మనసుల పెట్టుకోకుండ్రి. నా మీద ఎవలికన్న ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. లేకుంటే లేదనుండ్రి. నేను నిమ్మళంగ పోత."

మా దిక్కు ఇది అందరూ అడిగేదే. కిరాయికి ఉన్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడుగుతారు. కౌలు వదిలేటప్పుడు అడుగుతారు. దవాఖానలో ఆపరేషన్‌కు పోయే ముందు మంచం మీంచి అడుగుతారు. దానికి జవాబు ఒక్కటే. చేతుల్లో బట్టలు పట్టుకుని, కడుపునిండా ఆయన కూడు తిని, ఆ ముసలి మొహం చూస్తూ, వేరే జవాబు ఎవరికీ రాదు.

బావ ముందు నిలబడ్డాడు. "ఏం లేదు పటేలా. నీ మీద మాకేం లేదు. సల్లగుండు" అన్నాడు.

"ఏం లేదు! ఏం లేదు!" అని నేను వెనక నుంచి అరిచాను. భుజం మాత్రమే తట్టించుకున్న మనిషిని, కనీసం గొంతైనా వినిపించాలనుకున్నాను. తర్వాత అందరూ అన్నారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీసుకుంటున్నారు. మేనేజరు కూడా ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఫంక్షన్ కదా, తీయని వాళ్లెవరు?

తెల్లవారి నుంచి మిల్లు మళ్లీ నడిచింది. బోర్డు మీద పేరు మారింది. ఒక్కరోజు కూడా పని ఆపలేదు, సంతకం పెట్టలేదు, వకీలమ్మ చెప్పినట్టే అన్నీ చేశాం. కొన్నాళ్లకు మాకు కొత్త కార్డులు ఇస్తున్నారని, వాటిలో చేరిన తేదీ కొత్త యజమాని వచ్చిన రోజే వేస్తున్నారని తెలిసింది. సేటును అడుగుదామని ఇద్దరం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయాం.

హైవే పక్కన లారీ ఆఫీసు పైన సేటు ఆఫీసు. సేటు లేడు. మేనేజరే ఉన్నాడు. కుర్చీలు చూపించాడు, చాయ్ తెప్పించాడు.

"పాత సర్వీసు మీరే ఎయ్యాలంట గద సార్" అన్నాడు బావ.

"ఎలా వేస్తాం బాబాయ్? మీ పాత లెక్కలన్నీ ఆయనతో తేలిపోయాయిగా."

"యాడ తేలినయ్?"

మేనేజరు ఫోను తీసి టేబుల్ మీద మా వైపు తిప్పి పెట్టాడు. షెడ్డు, బంతులు, పటేల్, కర్ర. ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. ఏం లేదు పటేలా, నీ మీద మాకేం లేదు. ఆ వెనక నుంచి అందరి గొంతుల మీదుగా, బాయిలర్ సైరన్‌లాగా, నా గొంతు. ఏం లేదు! ఏం లేదు!

"ఆయన అడిగారు, లేదని మీరే అన్నారు. నేనేమైనా కల్పించానా? సంతకం పెట్టమంటే పెట్టలేదు. సరే, బలవంతం చేశామా? మీ అంతట మీరే నోటితో చెప్పారు."

"అది... దీని గురించి గాదు సార్."

"మరి దేని గురించండీ?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు. బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నేను అక్కడే మేనేజరుకు గట్టిగా జవాబు చెప్పానని మీకు కూడా చెబుదామనుకున్నాను. చెప్పలేదు. కిందికి దిగి హైవే దాటడానికి చాలాసేపు నిలబడ్డాం. బస్సులు పోతున్నాయి. బావ అటు చూడటం లేదు, ఇటు చూడటం లేదు. నేనే చేయి పట్టుకుని దాటించాను.

పటేల్‌కు ఆ వీడియో సంగతి తెలుసా తెలియదా, మేనేజరుతో మాట్లాడుకుని అట్లా అడిగాడా, లేక ఆ ముసలాయన నిజంగా నిమ్మళంగా పోవడానికే అడిగాడా, నాకు ఇప్పటికీ తెలియదు. బావను ఒకసారి అడిగాను. "ఆయనకు ఫోను పట్టుకునుడే సక్కగ రాదు" అన్నాడు.

మళ్లీ సూర్యాపేట. మళ్లీ జిరాక్స్ షాపు మెట్లు. వకీలమ్మ వీడియో సంగతి విని నవ్వింది.

"బువ్వ కాడ అన్న మాటతోని సర్వీసు పోతదా? చట్టంల ఆ మాటకు ఇలువ లేదు. హక్కు అట్ల నోటితోని ఒదులుకుంటే పోయేది కాదు. గెలుస్తం అని రాసియ్యను గానీ, కేసుల బలమున్నది. ముందు నోటీసు పంపుదాం."

నేను బావ వైపు చూశాను. అతని మొహంలో ఏమైనా వస్తుందేమోనని. కొంచెం వచ్చింది. "అయితే వస్తదా అమ్మా?" అన్నాడు. ఆమె టైపు చేయించి కాగితం తెప్పించింది. తెలుగులోనే రాయించింది, మేము చదువుకోవాలని. బావ దాన్ని వేలు పెట్టి చదివాడు. పైన ఒకటో పేరు దగ్గర వేలు ఆగింది.

"ఈ పేరు ఎందుకమ్మా?"

పటేల్ పేరు అది. రెండో పేరు కోదాడ సేటుది.

"ఏండ్లు చేసింది ఆయన దగ్గరనే గదా. ఇద్దరికీ పంపాలె. లేకుంటే ఈయన ఆయన మీద చెప్తడు, ఆయన ఈయన మీద చెప్తడు, నడుమల మీరు పడతరు."

"ఆ పేరు తీసేసి రాయరాదా?"

"రాయచ్చు. రాస్తే నీ కేసు కుంటుతది."

బావ కాగితాన్ని టేబుల్ మీద పెట్టి అంచులు సర్దాడు.

"నా మీద ఏమన్న ఉన్నదా అని అడిగిండమ్మా ఆయన. లేదన్న. బట్టలు తీసుకున్న. ఇప్పుడు ఇది ఇంటికి పోతే, అప్పుడు నేను అన్నది అబద్ధమైతది గద."

"అది వేరు, ఇది వేరు."

"మీకు వేరు. ఆయనకు గట్ల ఉండది. ఆయన దవాఖానకు తిరుగుతుండు. నోటీసు ఇప్పి సూస్తడు, నా పేరు ఉంటది."

"మరి నీ మంద?" నేను అడిగాను. వకీలమ్మ ముందు ఆ మాట ఎత్తకూడదేమో.

"మందకేమైంది? ఎవలన్న పాలుకు ఇస్తే కాస్త." పాలుకు కాయడమంటే వేరేవాళ్ల గొర్లు కాసి, పుట్టిన పిల్లల్లో సగం తీసుకోవడం. "కాళ్లుంటే" అన్నాడు తర్వాత.

అతను సంతకం పెట్టకపోతే నేనొక్కణ్ణే పెడతానన్నాను. ఇది నిజం. వకీలమ్మ కాగితం నా వైపు జరిపింది. నేను మొదటి అక్షరం రాసి, రెండో అక్షరం దగ్గర... రాయలేదు. కలం మూత తీశాను, అంతే. ఒకటో పేరు కంటికి ఎదురుగా ఉంది. భుజం మీద ఆయన చేయి వేసింది ఒక్క క్షణం. నువ్వు కాంటా గదా అని అడిగిన మనిషి. అయినా కలం కదల్లేదు. మూత పెట్టేశాను. ఆమె కాగితం తీసి పక్కన పెట్టింది. ఫీజు కూడా తీసుకోలేదు. టైపు డబ్బులు మాత్రం బావ ఇచ్చాడు.

మిర్యాలగూడకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ నిద్రపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. వరి, వరి, ఒక మిల్లు, వరి. బాధ వేస్తుందేమోనని ఎదురుచూశాను. ఊరు వచ్చింది.

కార్డులు ఇచ్చారు. ఫొటో దిగడానికి మంచి అంగి వేసుకుని రమ్మన్నారు కాబట్టి, ఉన్నదాంట్లో కొత్తది అదే కాబట్టి, అందరం పటేల్ పెట్టిన లేత నీలం అంగిలోనే దిగాం. కార్డులన్నీ ఒక చోట పెడితే ఒకే బడి పిల్లల్లాగా ఉన్నాం. తలలు మాత్రం నెరిసినవి. కింద చేరిన తేదీ, అందరికీ ఒకటే.

ఒకరోజు గేటు ముందు పటేల్ కారు ఆగింది. దవాఖాన నుంచి పోతూ ఆగాడట. అద్దం దించాడు. నేనూ బావా చాయ్‌కి బయటికి వచ్చి ఉన్నాం. అవే అంగీలు మీద ఉన్నాయి.

"మంచిగున్నరా? కొత్తాయన మంచిగ సూసుకుంటుండా?"

"మంచిగనే పటేలా" అన్నాడు బావ. "నీ పానం ఎట్లున్నది?"

"ఏముంటది, నడుస్తున్నది." మా అంగీల వైపు చూసి మొహం విప్పార్చుకున్నాడు. "బట్ట మంచిగనే తెచ్చిండ్రురా. మీకు బాగున్నది."

నేను అప్పుడు కారు కిటికీ మీద చేయి వేసి, "బట్ట నీదే పటేలా, కుట్టుకూలి మేమే పెట్టుకున్నం" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. అరుగు మీద ఇక్కడికి వచ్చేసరికి అందరూ తొడలు చరుచుకుంటారు, ఇంకోసారి చెప్పమంటారు.

ఆ మాట నేను అన్నది నిజమే. అప్పటికి అద్దం పైకి పోయింది, కారు మెయిన్ రోడ్డు ఎక్కింది. విన్నది బావ ఒక్కడే.

"నీకెంత దీసుకుండు టైలరు?" అని అడిగాడు.

చెప్పాను.

"నాకు జర ఎక్కువే దీసుకుండు" అని, గ్లాసులో మిగిలిన చాయ్ పారబోసి, బాయిలర్ దిక్కు నడిచాడు.